బెరడుకు అంటిన సాలెగూడు: హెరెన్నియానా, నెఫిలెంగిసా?

నమస్కారం. పనస మాను మీద పొడవాటి గూటిలో పగటిపూట కనిపించిన, అంచులు నొక్కులు నొక్కులుగా ఉన్న బల్లపరుపు సాలీడును నెఫిలెంగిస్ మలబారెన్సిస్‌గా నమోదు చేయవచ్చా అని మీరు అడిగారు. మీ వర్ణనను బట్టి అది హెరెన్నియా ప్రజాతికి (దగ్గరి పోలికలున్న జాతుల సమూహానికి) చెందిన ఆడ సాలీడని నా అభిప్రాయం.

ఈ రెండూ మానుల మీదా, గోడల మీదా గూళ్లు కడతాయి కనుక చోటును బట్టి తేల్చడం కుదరదు. చూడవలసింది గూటి కేంద్రాన్ని. హెరెన్నియా ఆ కేంద్రాన్ని చిన్న గిన్నెలా బెరడుకు అతికించి, పగలంతా దాని మీదనే కదలకుండా ఉంటుంది. ఎదిగిన ఆడదాని గూడు నిచ్చెనలా పొడవుగా, ఇరుపక్కల దారాలు దాదాపు సమాంతరంగా, మాను వంపును అనుసరించి సాగుతుంది. నెఫిలెంగిస్ మాత్రం గూటి పైభాగంలో పట్టుతో గొట్టం వంటి ఆశ్రయం అల్లి, పగలు అందులో దాగి, రాత్రి బయటికి వస్తుంది. పిల్ల సాలీళ్ల గూళ్లు గుండ్రంగా ఉండవచ్చు. వాటితో నిర్ణయానికి రాకండి.

శరీరం విషయానికి వస్తే, హెరెన్నియా ఉదరం చదునుగా, పైన గుంటల వంటి చుక్కలతో ఉంటుంది. నెఫిలెంగిస్ ఉదరానికి ఆ నొక్కుల అంచు ఉండదు, శిరోవక్షం (తల, ఛాతీ కలిసిన ముందుభాగం) మీద మాత్రం నిటారైన ముళ్లుంటాయి.

సాలీళ్ల శాస్త్రవేత్త థోరెల్ 1877లో స్థాపించిన హెరెన్నియా ప్రజాతిని మరో శాస్త్రవేత్త కుంట్నర్ 2005లో సమీక్షించి 11 జాతులను గుర్తించారు. వాటిలో భారతదేశం నుంచి ఇండోనేషియా వరకు విస్తరించినది హెరెన్నియా మల్టిపంక్టా ఒక్కటే కాబట్టి, ఆ పేరుతో నమోదు చేయండి. ఉదరం అడుగున ఉన్న జననాంగ ఫలకం ఫోటో కూడా జత చేస్తే జాతి నిర్ణయానికి బలం చేకూరుతుంది.