నాన్నగారి కిడ్నీ గడ్డ పెద్ద సిరలోకి పాకినా ఆపరేషన్ ఉంది
తమ్ముడూ, నాన్నగారి కిడ్నీ క్యాన్సర్ గుండెకి వెళ్ళే పెద్ద సిరలోకి పాకింది, ఇక ఆపరేషన్ కుదరదని శ్రీకాకుళంలో ఎవరో అన్నారని రాశావు కదా, ఆ మాట పట్టుకుని కూర్చోకు. సిరలోకి పాకడం వేరు, ఊపిరితిత్తులకో ఎముకలకో పాకడం వేరు. మా మావయ్యకీ ఇదే వచ్చింది, సిరలో రక్తానికి అడ్డుపడి కాళ్ళు వాచి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది. కిడ్నీ తీసేసి, సిరలో పైనా కిందా రక్తం ఆపి, గోడ కోసి లోపలి గడ్డని బయటకి తీసి మళ్ళీ కుట్టేస్తారు. చాలామందిలో అది గోడకి అంటుకోకుండా వేలాడుతూ ఉంటుంది. అసలు తేల్చుకోవాల్సింది సిరలో గడ్డ పై కొస ఎక్కడిదాకా వెళ్ళిందన్నది. గుండె దాకా వెళ్తే, ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే బైపాస్ మెషీన్ కావాల్సి రావచ్చు, అందుకే విశాఖలో యూరాలజీ, గుండె సర్జరీ రెండూ ఒకేచోట ఉన్న ఆసుపత్రిలో చూపించు. గడ్డ పెరుగుతుంది కనుక స్కాన్ పాతదైతే మళ్ళీ తీయిస్తారు, విసుక్కోకు. ఆయాసం వస్తే మాత్రం ఆగకుండా దగ్గర్లోని ఎమర్జెన్సీకి తీసుకెళ్ళు.