బీర పందిరికి మేకులు వద్దు అల్లుడూ

ఏరా అల్లుడూ, పెరట్లో బీర పందిరి వేస్తున్నావంట, వెదురు బొంగులు కూడా దింపించావంట, మీ అమ్మ పొద్దున ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం రా. కానీ మేకులు కొట్టేస్తానన్నావని విన్నాక ఆగలేకపోయా, అందుకే ఇంత పొడుగు మెసేజ్, ఓపిగ్గా చదువు. వెదురుకి మేకు కొడితే నిలువునా చీలిపోద్ది, ఆ చీలికలోకి నీళ్ళు దిగితే ఇంక ఆ బొంగు పనికిరాదు. బైండింగ్ వైరు కూడా వద్దు, గాలికి ఊగినప్పుడల్లా బొంగుని కోసుకుంటా పోద్ది.

కొబ్బరి తాడు తీసుకో. నేను ఒక ఏడాది చవగ్గా వచ్చిందని నైలాన్ తాడుతో కట్టా, పాదంతా అల్లుకుని కాయలు దిగాక ఒక వాన రాత్రి అడ్డబొంగు గుంజ మీద నుంచి జానెడు కిందకి జారిపోయింది, పిందెలతో సహా తీగ నలిగిపోయింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. నైలాన్ నున్నగా ఉంటది, బరువు పడితే సాగుద్ది. కొబ్బరి తాడు గరుకు కాబట్టి పట్టు వదలదు. కట్టేముందు కాసేపు నానబెట్టు, మెత్తబడి చెప్పినట్టు వింటది. ఎంత తాడు కోసుకోవాలంటే రెండు కర్రల లావు కలిపి ఎన్ని అంగుళాలో అన్ని గజాలు, అంటే రెండేసి అంగుళాల బొంగులైతే ఒక్కో కట్టుకి 4 గజాలు, ఇంకో మూర ఎక్కువే ఉంచుకో.

ఇప్పుడు అసలు కట్టు. అడ్డబొంగు గుంజకి ఎక్కడ ఆనుద్దో దానికి కొంచెం కింద గుంజకి మొదటి ముడి వెయ్యి. తాడు ఒకసారి చుట్టి, రెండో చుట్టు మొదటిదాన్ని దాటించి వేసి, కొసని ఆ రెండో చుట్టు కిందనుంచే దూర్చి లాగాలి, స్కౌట్స్‌లో క్లోవ్ హిచ్ అంటారే అదే. తర్వాత తాడు బొంగు ముందునుంచి పైకి, గుంజ వెనకనుంచి అవతలికి, బొంగు ముందునుంచి కిందకి, మళ్ళీ గుంజ వెనక్కి, ఇలా 3 చుట్లు, పక్కపక్కనే పడాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు.

చాలామంది ఇక్కడే ముడేసి దిగిపోతారు. అసలు బిగువు దీని తర్వాతే రా. అదే తాడుని గుంజకీ బొంగుకీ మధ్యలోంచి పోనిచ్చి, వేసిన చుట్లనే నడుం పట్టి నొక్కేసేలా 2 సార్లు తిప్పు, తిప్పిన ప్రతిసారీ కాలు గుంజకి తన్నిపెట్టి లాగు, చేతులు కోసుకోకుండా తాడుని జానెడు పుల్లకి చుట్టి ఆ పుల్ల పట్టుకుని లాగు, తాడు కిర్రుమనాలి. ఈ నడుం చుట్లు లేకుండా పైన 10 చుట్లు వేసినా నాలుగు రోజుల్లో కదిలిపోద్ది. ఆఖరి ముడి మొదటిదానిలాంటిదే, కాకపోతే ఈసారి అడ్డబొంగుకి వెయ్యి.

వీలైనంతవరకు కణుపు దగ్గరగా కట్టు, జారదు. గుంజలు 2 అడుగుల లోతు పాతు, మూలల్లో ఏటవాలుగా ఒక్కో కర్ర కట్టేస్తే పక్కకి ఊగదు.

ఇంకోటి, నీ బొంగులు పచ్చివంట కదా, ఎండేకొద్దీ సన్నబడతాయి, ఎంత బిగించినా కట్టు వదులవుద్ది. అందుకే కొసలు పొట్టిగా కోసెయ్యకు, మూరెడు వదిలి చుట్టి పెట్టు, ఓ నెల పోయాక ఆఖరి ముడి విప్పి నడుం చుట్లు మళ్ళీ బిగించుకో. కాయలు కొయ్యడానికి మాత్రం పందిరి ఎక్కొద్దు నాన్నా, అది తీగ బరువుకి కట్టింది, మనిషి బరువుకి కాదు, స్టూలు వేసుకో.

ముందు అరుగు మీద కూర్చుని రెండు పాత కర్రముక్కలతో నాలుగైదు సార్లు కట్టి విప్పి చూడు. ఆదివారం పొద్దున్నే వీడియో కాల్ చెయ్యి, మొదటి గుంజ కట్టేటప్పుడు నేను చూస్తా.