మూడో చుక్కను వెతుకుతున్న మేనకోడలికి

చి. శ్రావణికి, మావయ్య ఆశీస్సులు.

"అన్నయ్యా, అది రాత్రిళ్లు నిద్ర మానేసి చుక్కలకు టైములు రాసుకుంటోంది, నువ్వైనా ఆపు" అని మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. గ్రహణ జంట నక్షత్రాల (ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, మనకు ఒకదానికొకటి అడ్డొచ్చి మసకబారే జంటల) వెనక దాగిన మూడో నక్షత్రాన్ని పట్టుకోవడమే నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టని అప్పుడే తెలిసింది. ఆపను. కానీ జన్మంతా ఫిజిక్స్ పాఠాలు చెప్పిన మావయ్య అమలాపురంలో ఉండగా యూట్యూబ్‌ని అడుగుతావా? కోపంగానే ఉంది. అయినా మా వీధిలో ఇద్దరికి అప్పుడే చెప్పేశాననుకో.

ముందు అసలు సంగతి. డాబా మీద కొబ్బరాకులు అడ్డమొస్తున్నాయని కాలవ గట్టుకు వెళ్తున్నావట. కట్లపాము తిరిగేది రాత్రిపూటే, కరిచినా పెద్దగా నొప్పి తెలియదు. బూట్లు, టార్చి, తోడుగా తమ్ముడు. ఈ మూడూ లేకుండా గట్టెక్కావని తెలిస్తే మీ అమ్మ కంటే ముందు నేనే ఆ కెమెరా లాక్కుంటాను.

1996 నవంబరు తుఫానుకు మన కొబ్బరిచెట్లన్నీ పడిపోయి, కరెంటు పోయి, ఆకాశం ఈ చివర నుంచి ఆ చివరకు కనబడింది. మీ అమ్మమ్మ పొయ్యిలోకి పొడి పుల్ల దొరక్క ఏడుస్తుంటే నేను తల పైకెత్తి నిలబడ్డాను. "కొంప కూలితే చుక్కలేంట్రా నీకు" అని తిట్టింది. ఆ తిట్టు ఇప్పుడు నీ వాటాకు వచ్చింది, పడు.

ట్రైపాడ్ కదలకూడదు. కెమెరా గడియారం రోజూ సరిచెయ్యి. పక్కనున్న మామూలు చుక్కతో పోల్చి చూడు; రెండూ కలిసి మసకబారితే అది గ్రహణం కాదు, లెన్సుకు పట్టిన మంచు.

ఆల్గాల్ అనే గ్రహణ జంటతో మొదలుపెట్టు. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి మసకబారుతుంది. ఈ లెక్కను 1783లో చెప్పిన గుడ్రిక్ అప్పటికి ఇరవై కూడా నిండని, చెవులు వినబడని కుర్రాడు. అక్కడ మూడో నక్షత్రం కూడా ఉంది, సుమారు 680 రోజులకో చుట్టు. దాని లాగుడుకు జంట మనకు కాస్త దగ్గరవుతూ, దూరమవుతూ ఉంటుంది. అందుకే గ్రహణాలు కొన్నాళ్లు ముందుగా, కొన్నాళ్లు ఆలస్యంగా కనబడతాయి. నువ్వు వెతకాల్సింది ఆ కొద్ది నిమిషాల తేడానే.

సరిగ్గా అక్కడే నాతో పీజీ చదివిన ఒక మిత్రుడు పడ్డాడు. అంత ఓపికగా చుక్కను గమనించేవాణ్ణి మళ్లీ చూడలేదు. చలిలో వేళ్లు కొంకర్లు పోతున్నా ఒక్క రీడింగు వదిలేవాడు కాదు. పాత రికార్డులు కూడా కలిపి ఓ మైనస్ సి గ్రాఫు (గ్రహణం కనబడిన టైములోంచి, లెక్క ప్రకారం రావాల్సిన టైము తీసేస్తే మిగిలే తేడా) గీస్తే అల వచ్చింది, ఎక్కడా వంకర లేని అల. మూడో నక్షత్రం దొరికిందన్నాడు. గైడూ నమ్మాడు. ఇంటికి ఉత్తరం రాశాడు, వాళ్ల నాన్న ఊరంతా స్వీట్లు పంచాడు.

సెమినార్‌లో వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన, "బాబూ, ఆ మూడోది ఎన్ని రోజులకు ఒక చుట్టు తిరుగుతోంది?" అన్నాడు. వీడు గర్వంగా "365 అండి" అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు.

తిరిగింది మన భూమే. సూర్యుడి చుట్టూ తిరుగుతూ మనం ఆ నక్షత్రం వైపు ఉన్నప్పుడు వెలుగు ముందుగా అందుతుంది, అవతలి వైపు ఉన్నప్పుడు ఆలస్యంగా. ఈ తేడా అటు ఎనిమిది నిమిషాల పైన, ఇటు ఎనిమిది నిమిషాల పైన ఉండొచ్చు. టైములన్నీ సూర్యుడి దగ్గర నిలబడి చూసినట్టు దిద్దుకోవాలి. ఆ ఒక్క దిద్దుబాటు వెయ్యలేదు వాడు.

నాకు ఇప్పటికీ మింగుడు పడనిది తర్వాత జరిగింది. వాడి టైములు తప్పు కాదు. దిద్దుబాటు వేస్తే అందరికీ పనికొచ్చే కొలతలు. నోటుబుక్కులు అలమరలో పడేసి బ్యాంకు పరీక్ష రాసి వెళ్లిపోయాడు. నీకూ రోషం ఎక్కువే, మీ అమ్మ పోలికే. నా భయం అదేనే తల్లీ.

కంటికి కనబడలేదని దిగులుపడకు. రాత్రి ఆకాశంలో అన్నిటికన్నా ప్రకాశంగా కనబడే సిరియస్ నక్షత్రం వంకరగా నడుస్తోందని చూసి, దానికి కనబడని తోడు ఉందని జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెస్సెల్ 1844లో చెప్పాడు. ఆ తోడును అమెరికాలో టెలిస్కోపులు చేసే క్లార్క్ తన టెలిస్కోపులో చూసింది 1862లో. అప్పటికి బెస్సెల్ లేడు. మన పెళ్లిళ్లలో పంతులుగారు చూపించే వశిష్ఠుడూ అరుంధతీ కలిపి ఆరు నక్షత్రాలు: ఆయనలో నాలుగు, ఆవిడలో రెండు. ఆవిడ తోడు బయటపడింది 2009లోనే. (పట్టపగలు ముహూర్తం పెట్టి అరుంధతిని చూడమనే పంతుళ్ల సంగతి వేరు.)

ఇప్పుడే గ్రాఫు గీయకు. రాసుకున్న టైములు రాసుకున్నట్టే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, కొట్టివేతలు కూడా ఉంచు. దిద్దుబాటు నువ్వు వెయ్యి, విడిగా నేనూ వేస్తాను. రెండూ కలిశాకే మీ గైడుకు చూపిద్దాం. స్వీట్ల మాట మాత్రం మీ నాన్న దగ్గర ఎత్తకు.

నీ మావయ్య