డాక్టర్ చదివి రాజకీయాలంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి హౌస్ సర్జన్సీ పూర్తి చేశాడు. పీజీకి ప్రిపేర్ అవ్వమంటే, ఊళ్లో క్లినిక్ పెట్టుకుని తర్వాత రాజకీయాల్లోకి వెళ్తానంటున్నాడు. వెళ్లేదే అయితే ముందు ఢిల్లీలో పబ్లిక్ పాలసీ కోర్సు చేయమని బంధువులంటున్నారు. పీజీయా, ఆ కోర్సా? నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాను.

జవాబు: మీ అసలు భయం పీజీ గురించి కాదండీ. ఇన్నేళ్ల చదువు, ఖర్చు బూడిదలో పోసిన పన్నీరవుతుందేమోనని. ఇదే భయంతో చాలామంది తల్లిదండ్రులు నన్ను అడిగారు. పట్టా ఎక్కడికీ పోదు. మెడికల్ కౌన్సిల్‌లో డాక్టరుగా ఉన్న రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుంటూ ఉంటే, ఎన్నికల్లో ఓడిన మర్నాడే మళ్లీ ఓపీలో కూర్చోవచ్చు.

పార్టీ సంగతి పక్కన పెట్టి వైఎస్ రాజశేఖరరెడ్డి గారిని చూడండి. గుల్బర్గాలో ఎంబీబీఎస్ చదివి, జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేరిట ఆసుపత్రి పెట్టారు. 1978లో ఎమ్మెల్యే అయ్యారు. 1989 నుంచి వరుసగా నాలుగుసార్లు కడప ఎంపీగా గెలిచారు. తండ్రి పలుకుబడి ఆయనకు తోడుంది. మీవాడికి అది లేకపోతే, ఐదేళ్లలో ఎమ్మెల్యే అనే లెక్క వేసుకోవద్దు.

ఇక ఆ కోర్సు. నాకు దాని మీద నమ్మకం తక్కువ. బడ్జెట్ చదవడం, చట్టం ఎలా తయారవుతుందో తెలుసుకోవడం మంచివే. కానీ సర్టిఫికెట్ చూసి టికెట్ ఇచ్చిన పార్టీని నేను చూడలేదు. అక్కడ చదివి నాయకుల సర్వే టీముల్లో, సోషల్ మీడియా టీముల్లో చేరినవాళ్లను చూశాను. అదీ ఉద్యోగమే, మీవాడు కోరుకున్నది మాత్రం అది కాదు. ఊరి క్లినిక్‌లో ఓ ముసలామె కొంగుముడి విప్పి, ఖాళీ అయిన బీపీ మాత్రల అట్ట చూపిస్తుంది. వారంగా వేసుకోలేదు. ఎందుకమ్మా అంటే, మా ఊరికి బస్సు ఆపేశారయ్యా అంటుంది. బస్సుకీ బీపీకీ ఉన్న సంబంధం ఏ క్లాసులోనూ అంత గట్టిగా తలకెక్కదు.

తలెత్తుకోలేకపోతున్నాను అన్నారు చూడండి, ఆ మాటకు నాకు బాధేసింది. సొంతూరి జనానికి వైద్యం చేస్తానన్న కొడుకును చూసి తల దించుకోవడమేమిటండీ? అతను ఏం తప్పు చేశాడు?

ఒక్క జాగ్రత్త. ప్రభుత్వ ఉద్యోగంలో చేరితే సర్వీసులో ఉండగా పార్టీ పనులు కుదరవు, పోటీ చేయాలంటే ముందు రాజీనామా చేయాలి. పీజీ అంటారా, నీట్ పీజీకి గరిష్ఠ వయోపరిమితి లేదు. రెండేళ్లు క్లినిక్ చూశాక తనకే కావాలనిపిస్తే రాస్తాడు.

ఈ ఆదివారం ఎన్నికల మాట ఎత్తకుండా అబ్బాయితో కూర్చోండి. గది అద్దె, నర్సు జీతం, మందుల ఖర్చు కాగితం మీద రాయించండి. మొదటి ఏడాది అందులో మీరెంత పెట్టుకోగలరో ఆ పక్కనే మీ చేత్తో రాయండి.