ఇంగ్లీషువాళ్ల మీద రాసేటప్పుడు

చిట్టితల్లికి మావయ్య ఆశీస్సులు.

లీసెస్టర్ నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. 'ఇంగ్లీషువాళ్లు ముభావులు, క్రమశిక్షణ గలవాళ్లు' అని మొదలెట్టావు. ముందు ఆ వాక్యం కొట్టెయ్యి. ఆ దేశంలో అడుగుపెట్టనివాడు కూడా అంతమాత్రం రాసేస్తాడు.

ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్‌ని చదువు. బీహార్‌లోని మోతిహారిలో పుట్టినవాడే. 1941లో, నెత్తిమీద జర్మన్ విమానాలు తిరుగుతుంటే ఇంగ్లండ్ స్వభావం గురించి రాస్తూ ఏం పట్టుకున్నాడు? పూలమొక్కల పిచ్చి, పావురాల పెంపకం, స్టాంపులు పోగెయ్యడం! 1946లో అయితే టీ ఎలా కాచాలో 11 సూత్రాలు రాశాడు. కప్పులో ముందు టీ పోయాలా, పాలు పోయాలా అన్న తగువుకీ తీర్పు చెప్పాడు, టీయే ముందని. చదివితే నవ్వొస్తుంది. కానీ చివర్లో అసలు సంగతి తెలుస్తుంది: రేషన్‌లో వచ్చే రెండు ఔన్సుల పొడితో ఇరవై చిక్కటి కప్పులు రాబట్టాలని ఆయన తాపత్రయం. టీ మీద రేషన్ 1952 దాకా పోలేదు. అలవాటు వెనకున్న ఇలాంటి కారణం దొరికేదాకా కలం ముట్టుకోకు.

క్యూల గురించి అందరూ రాసేశారు. నువ్వు పబ్‌కి వెళ్లు. తాగక్కర్లేదు, లైమ్ సోడా చాలు. కౌంటర్ దగ్గర అంతా అడ్డంగా నిలబడతారు, వరస ఉండదు. అయినా ఎవరి తర్వాత ఎవరో అందరికీ తెలుసు. గ్లాసు అందించేవాడు పొరపాటున నిన్ను ముందు అడిగితే, పక్కవాణ్ణి చూపించి 'ఆయన ముందొచ్చారు' అనాలి. చెయ్యెత్తి పిలిచావో, ఇక నీ వంతు ఆలస్యమే. తర్వాత రౌండ్లు. ఒక్కొక్కరూ వంతులవారీగా అందరికీ కొంటారు. నీ వంతు ఎగ్గొడితే ఎవ్వరూ పల్లెత్తు మాట అనరు, మర్చిపోరు కూడా. ముభావమని నువ్వు రాసింది ఇక్కడ చూపించు.

స్కాట్లండ్, వేల్స్‌వాళ్లని ఇంగ్లీషువాళ్లలో కలిపెయ్యకు, కోపాలొస్తాయి.

ఇంకోటి. మీ ఊళ్లో మన గుజరాతీల దుకాణాలుండే బెల్‌గ్రేవ్ రోడ్డు ఉంది కదా. 1972లో నియంత ఇడీ అమీన్ ఉగాండా నుంచి వెళ్లగొట్టిన గుజరాతీలు చాలామంది లీసెస్టర్‌లోనే స్థిరపడ్డారు. వాళ్ల మనవలు అక్కడే పుట్టి పెరిగినవాళ్లు. వాళ్లని వదిలేసి ఇంగ్లీషు స్వభావం అంటే నేనొప్పుకోను. ఆ వీధి మీద విడిగా ఒక వ్యాసం రాయి, ముందు అదే పంపు.

మీ మావయ్య