హీరో నోరు విప్పకపోతే మీకేంటి ఇబ్బంది?

ప్రశ్న ఇది: "వీడియో గేముల్లో కొంతమంది హీరోలు మొదటి నుంచి చివరిదాకా ఒక్క మాట కూడా మాట్లాడరు. ఇది డెవలపర్ల బద్ధకమా, లేక నిజంగా దానివల్ల ఆటకి ఏమైనా లాభం ఉందా?"

బద్ధకం అన్న మాట చూసి కాస్త చిరాకేసింది కాబట్టి జవాబు కొంచెం పొడుగవుతుంది, ఏమనుకోకండి.

అందరూ చెప్పే జవాబు మీకు తెలిసే ఉంటుంది. హీరో మాట్లాడకపోతే ఆడేవాడు తనే హీరో అనుకుంటాడని. నేనిది నమ్మను. పాతికేళ్ళుగా గేములు ఆడుతున్నాను, ఒక్కసారి కూడా నేనే జెల్డా ఆటల హీరో లింక్‌ని అనుకోలేదు. 1986లో మొదటి జెల్డా వచ్చినప్పుడు గొంతు రికార్డు చేసి పెట్టేంత చోటు ఆ ఆటల్లో ఎక్కడుంది? అప్పట్లో అందరూ మూగవాళ్ళే. అవసరం కొద్దీ మొదలైన అలవాటు, దానికి సిద్ధాంతం తర్వాత కుట్టారని నా అనుమానం.

నాకు చిన్నప్పటి నుంచి నత్తి. ఇప్పుడు చాలా తగ్గింది గానీ స్కూల్లో ఉన్నప్పుడు బాగా ఉండేది. ముఖ్యంగా 'ప' దగ్గర. హాజరు పిలిచేటప్పుడు 'ప్రెజెంట్ సార్' అనాలి కదా, నా పేరుకి ఇంకో ఐదారు పేర్లు ఉండగానే గుండె దడ మొదలయ్యేది. నత్తి ఉన్నవాళ్ళందరికీ తెలిసిన కిటుకు ఒకటుంది, పట్టేసే మాటని వదిలేసి పక్క మాట వాడటం. అలా నేను 'యెస్ సార్' అనేవాణ్ణి. కొన్నాళ్ళకి అదీ పట్టేయడం మొదలైంది. ఇక చేసేది లేక నా పేరు రాగానే లేచి నిలబడేవాణ్ణి, అంతే. మా క్లాస్ టీచర్ ఒకాయన అద్దాల పైనుంచి చూసి, "నిలబడమని ఎవరన్నారు, పలకమన్నాను" అనేవాడు. క్లాసంతా నవ్వేది. నేను మళ్ళీ కూర్చునేవాణ్ణి. ఇది రోజూ జరిగే తంతు.

2011లో పోర్టల్ 2 అనే ఆట వచ్చింది. మా అన్నయ్య కంప్యూటర్లో పెట్టించుకుని నేను ఆడుతున్నాను, వాడు వెనక మంచం మీద పడుకుని చూస్తున్నాడు. ఆట ఎలా మొదలవుతుందంటే, చెల్ అనే అమ్మాయి (అంటే మనం) ఎంతో కాలం నిద్రపోయి ఒక గదిలో లేస్తుంది. తలుపు తీస్తే వీట్లీ అని ఒక గుండ్రటి ఇనప బంతి లోపలికొస్తుంది, ఒకే నీలం కన్ను, పైకప్పుకున్న పట్టా మీద జారుతూ ఊపిరాడకుండా వాగుతూ ఉంటుంది. అంతసేపు పడుకున్నావు కదా, మెదడుకి ఏమైనా దెబ్బ తగిలిందేమో, నేను చెప్పేది అర్థమవుతోందా, అవునని చెప్పు అంటుంది. స్క్రీన్ మీద వస్తుంది: మాట్లాడటానికి స్పేస్ బార్ నొక్కండి అని.

నొక్కాను. చెల్ గెంతింది.

మాట రాలేదు, గెంతింది. వీట్లీ కాసేపు తికమకపడి, నువ్వు చేస్తున్నది గెంతడం అని చాలా మర్యాదగా వివరిస్తాడు. సరే, తేలిక మాట ఒకటి చెబుతాను, 'ఆపిల్' అను అంటాడు. మళ్ళీ స్క్రీన్ మీద, ఆపిల్ అనడానికి స్పేస్ బార్ నొక్కండి. నొక్కాను. మళ్ళీ గెంతింది. ఇక లాభం లేదనుకుని, సరేలే దగ్గర దగ్గరగానే ఉంది అన్నట్టు వదిలేసి పనిలో పడతాడు.

అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను, ఎందుకంటే ఇది నేనే కదా. మాట్లాడమంటే లేచి నిలబడేది నేను. బటన్ ఒకటి నొక్కితే ఇంకొకటి బయటికొచ్చే యంత్రం నేను. ఆ జోకు రాసినవాళ్ళకి నత్తి గురించి ఆలోచన ఉందో లేదో గానీ, నత్తి లోపలి నుంచి ఎలా ఉంటుందో అంత బాగా చూపించినది నాకు ఇంకెక్కడా దొరకలేదు, ఆట అన్నా సరే పుస్తకం అన్నా సరే. అన్నయ్యకి చెబుదామనుకున్నాను. చెప్పాలంటే మళ్ళీ మాట్లాడాలి కదా, ఊరుకున్నాను.

ఇంకో సంగతేంటంటే ఆ ఆటలో చెల్ మౌనం అందరికీ వినపడుతుంది. వీట్లీ దాన్ని పట్టించుకుంటాడు. ఆ చోటంతా నడిపే కంప్యూటర్ గ్లాడోస్ అయితే చివర్లో మూగ పిచ్చిదానివని తిట్టి మరీ పంపించేస్తుంది. నా వాదనంతా ఇక్కడే ఉంది. హీరో మాట్లాడకపోవడం తప్పు కాదు, మాట్లాడనట్టు ఆటలో మిగతావాళ్ళకి తెలియకపోవడం తప్పు.

ఉదాహరణకి మెట్రో ఎక్సోడస్, 2019ది. అందులో హీరో ఆర్త్యోమ్‌కి గొంతు ఉంది! లోడింగ్ స్క్రీన్ వచ్చినప్పుడు తన కథ తనే చెప్పుకుంటాడు. ఆట మొదలవగానే నోరు మూతపడుతుంది. భార్య పక్కన పడుకుని మనసులో మాటలన్నీ చెబుతుంటే ఉలుకూ పలుకూ లేకుండా పైకప్పు చూస్తుంటాడు. రేడియోలో జనం ప్రాణాలు పోతున్నాయని అరుస్తారు, పలకడు. ఏమైంది, ఎందుకు పలకవు అని ఒక్కరూ అడగరు. ఆ ఇంట్లో నాకు ఊపిరాడలేదు. నాకు తెలిసిన ఏ ఇంట్లోనైనా మనిషి రెండు రోజులు మాట్లాడకపోతే మూడోరోజు పెద్ద పంచాయితీ అవుతుంది.

హాఫ్-లైఫ్ కూడా నన్నడిగితే సగం పాసే. 1998లో అది గొప్ప ఆటే, కట్‌సీన్ (ఆట ఆపి సినిమాలా చూపించే ముక్క) అనేదే లేకుండా మొత్తం హీరో గోర్డన్ కళ్ళలోంచే చూపించడం అప్పటికి మామూలు విషయం కాదు. కానీ ఎంఐటీలో ఫిజిక్స్ డాక్టరేట్ చేసిన మనిషి, డ్యూటీలో చేసేది ట్రాలీ తోయడం, ఒక్క సందేహం కూడా అడగడు. రెండో ఆటలో (2004) అతనికి తోడుండే అలిక్స్ అనే అమ్మాయి అతన్ని చూడగానే నువ్వు పెద్దగా మాట్లాడవే అంటుంది. అదొక్కటే నాకు చాలు, ఆ అమ్మాయి మీద అక్కడే అభిమానం పుట్టింది.

ఇంకా బాగా చేసింది జెల్డా ఆటల్లోనే ఒకటైన బ్రెత్ ఆఫ్ ద వైల్డ్. అందులో రాకుమారి జెల్డా డైరీ ఒకటి దొరుకుతుంది, చాలామంది చదవకుండానే ఆట అయిపోగొట్టి ఉంటారని పందెం కాస్తాను. అంత మౌనంగా ఎందుకుంటావని లింక్‌ని అడిగితే, ఇంతమంది తనవైపే చూస్తుంటే ధైర్యంగా ఉండాలి, బరువంతా లోపలే మోయాలి అనిపిస్తుందని చెప్పాడట. చూశారా, చెప్పాడు! మనకి కాదు, ఆమెకి చెప్పాడు. నేనూ ఇంట్లో అమ్మతో గంటలు గంటలు మాట్లాడేవాణ్ణి, బయటివాళ్ళు నన్ను మూగవాడనుకునేవాళ్ళు.

అలాగని హీరోలందరూ నోరు మూసుకోవాలని నేననడం లేదు. డెడ్ స్పేస్ 2008లో వచ్చినప్పుడు హీరో ఐజాక్ మాట్లాడడు, 2023 రీమేక్‌లో మాట్లాడతాడు, నాకు రీమేకే నచ్చింది. అతనొక ఇంజనీరు, వెతుకుతున్నది తన ప్రియురాలిని, అలాంటివాడు ఏమీ అనకపోవడమే వింత. ఫాలౌట్ 4 మాత్రం క్షమించను. హీరోకి గొంతు పెట్టి, మనకి నాలుగు ముక్కల్లో నాలుగు ఆప్షన్లు ఇస్తారు, మనం ఒకటి అనుకుని నొక్కితే వాడు ఇంకేదో అంటాడు. ఆలోచిస్తే అది కూడా నత్తే, డబ్బింగ్ చేసిన నత్తి. ఇక హొరైజన్‌లో హీరోయిన్ ఎలోయ్ సంగతి. పజిల్ ముందు నిలబడి నేను ఇంకా చుట్టూ చూడనే లేదు, ఆ నిచ్చెన లాగితే సరిపోతుందేమో అని తనలో తను అనేసుకుంటుంది. అమ్మా తల్లీ, ఒక్క నిమిషం ఆగు.

ప్రశ్నకి సంబంధం లేకపోయినా ఇదీ చెప్పేస్తాను, ఆన్‌లైన్ ఆటల్లో మైక్ ఆన్ చెయ్యమని వేధించేవాళ్ళ గురించి. మైక్ ఆఫ్‌లో ఉన్నవాడు మీకు శత్రువు కాదు. నేను చాలా ఏళ్ళు మైక్ పాడైందని అబద్ధం చెప్పి ఆడాను, ఎన్ని హెడ్‌సెట్లు పాడయ్యాయో లెక్కే లేదు. 2012లో జర్నీ వచ్చినప్పుడు పండగలా అనిపించింది, అందులో ఎవరూ మాట్లాడలేరు, రాయలేరు, చిన్న శబ్దం ఒకటి చెయ్యగలరు అంతే. మొదటిసారి ఇంకో మనిషితో సమానంగా ఆడాననిపించింది. 2019లో అపెక్స్ లెజెండ్స్ వచ్చాక ఇంకా హాయి, అక్కడ శత్రువున్నాడు, ఇక్కడ తుపాకీ ఉంది, అన్నీ ఒక్క బటన్‌తో పింగ్ చేసెయ్యచ్చు (అంటే మాట లేకుండా టీముకి గుర్తు పెట్టి చూపించడం). మా టీములో ఎక్కువ 'మాట్లాడేవాణ్ణి' నేనే అయ్యాను.

మొన్న సెలవుల్లో అన్నయ్య కూతురు వస్తే పోర్టల్ 2 మళ్ళీ పెట్టాను. ఎనిమిదేళ్ళ పిల్ల, పక్కన కుర్చీలో మోకాళ్ళ మీద కూర్చుంది. ఆపిల్ అనమని వీట్లీ అడిగిన చోట నేను స్పేస్ నొక్కుతూ పైకే "ఆపిల్" అనబోయాను. పాపిష్టి 'ప' దగ్గర పట్టేసింది. అది వదిలేసరికి చెల్ గెంతేసింది, వీట్లీ ఆ సంగతి మర్చిపోయి తన పనిలో తను ఉన్నాడు.

"నువ్వు అన్నావు కదా బాబాయ్, ఆ బాల్‌కి వినపడలేదు" అంది. "మళ్ళీ మొదట్నుంచి పెట్టు."