ప్రాణానికి వెల కడతారా?

ప్రశ్న: మా చిన్నాన్నకు డాక్టరు రాసిన కొత్త కేన్సర్ ఇంజక్షన్ పెద్దాసుపత్రిలో లేదన్నారు. పాముకాటు సూది మాత్రం పల్లె ఆసుపత్రిలోనూ ఉంది. ఏ మందుకు డబ్బు పెట్టాలో ఏ లెక్కన తేలుస్తారు? ప్రాణానికి వెల కడతారా?
– ఓ పాఠకుడు, కళ్యాణదుర్గం

జవాబు: కడతారు. కాకపోతే మనిషికి కాదు, మందుకు. కొలత పేరు క్వాలీ, అంటే ఆయుష్షును, ఆ బతుకు నాణ్యతను కలిపి కొలిచే ఏడాది. పూర్తి ఆరోగ్యంతో గడిచిన ఏడాది 1. మంచాన పడి గడిచిన ఏడాది 0.4 కావచ్చు. రోగిని అయిదు సంగతులు అడుగుతారు: నడక, సొంత పనులు, రోజువారీ పని, నొప్పి, దిగులు. ఏ జవాబుకు ఎంత అంకె వేయాలో మామూలు జనాన్ని అడిగి ముందే పట్టిక కట్టి ఉంటారు.

ఊహకు అంకెలు వేసుకుందాం. పాత మందు కన్నా కొత్త ఇంజక్షన్‌కు 4 లక్షలు ఎక్కువ, ఆయుష్షు 4 నెలలు ఎక్కువ, ఆ నెలల నాణ్యత 0.6. వచ్చేది 0.2 క్వాలీ. అంటే ఒక్క క్వాలీకి 20 లక్షలు.

ఇక శెనక్కాయ చేలో రక్తపింజరి కరిచిన 30 ఏళ్ల రైతు. పాముకాటు మందు మొదటి మోతాదు 10 వయల్స్ (చిన్న సీసాలు), బెడ్ ఖర్చుతో కలిపి 10 వేలు అనుకుందాం. పదిమందికి వేస్తే ఒక్కరే అదనంగా బతికారనుకున్నా ఖర్చు లక్ష. ఆయన ఇంకో 35 ఏళ్లు బతుకుతాడు, నాణ్యత 0.8. రేపటి ఏడాదికి నేటి ఏడాదంత విలువ ఉండదని ఏటా 3 శాతం తగ్గిస్తారు. అలా తగ్గించినా 17 క్వాలీలు. ఒక్కోటి 6 వేల లోపే.

ఒక్క క్వాలీకి ఇంతకు మించి పెట్టలేం అనే గీత ఎక్కడ? బ్రిటన్‌లో ఏ మందుకు సర్కారు డబ్బు పెట్టాలో తేల్చడానికి 1999లో పుట్టిన నైస్ సంస్థ చాలా ఏళ్లు క్వాలీకి 20 వేల నుంచి 30 వేల పౌండ్లు అంది. మన దేశంలో ఇలాంటి లెక్కలకే 2017లో మొదలైన సర్కారు సంస్థ హెచ్‌టీఏఇన్ అధ్యయనాల్లో తరచూ తలసరి జీడీపీని, అంటే రెండు లక్షల పైచిలుకును గీతగా తీసుకుంటారు.

లెక్క తప్పేదీ ఉంది. పాముకాటు మందు ద్రవ రూపంలో వస్తే 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్ కావాలి. కరెంటు నిలవని చోట అది పాడైతే కాగితం మీది 6 వేలకు అర్థం లేదు. పొడి రూపానికి ఆ బెడద తక్కువ. ముసలివాళ్లకు, అరుదైన జబ్బులవాళ్లకు ఈ కొలత అన్యాయం చేస్తుందన్న వాదనా ఉంది, అది కొట్టిపారేసేది కాదు.

మీ చిన్నాన్నగారి మందుకు వస్తే, పై అంకెల్లో అదనపు ధర 4 లక్షల నుంచి 40 వేలకు దిగితే క్వాలీకి 2 లక్షలే, గీత లోపలికి వచ్చేస్తుంది. పేటెంటు ముగిసి వేరే కంపెనీలు తయారీకి దిగిన రోజున, ఒకసారి వద్దన్న ఫైలును మళ్లీ తెరవాలి.